రాజు కాల్చిన పుస్తకాలు, పిల్లలు రాసిన చరిత్ర

 

మన సభల్లో కొమురం భీం గురించి, బిర్సా ముండా గురించి, సమ్మక్క సారలమ్మల గురించి మాట్లాడుకుంటూనే ఉంటాం. ఇవాళ మాత్రం సముద్రాలు దాటి మెక్సికో దాకా వెళ్లొద్దాం. అక్కడి ఆదివాసీ జనంలో ఇట్స్‌కోవాట్ల్ అని ఒక రాజు ఉండేవాడు. ఆ పేరుకు నోరు తిరగడం కొంచెం కష్టమే. అగ్నిపర్వతాల దగ్గర నల్ల గాజులాంటి రాయి ఒకటి దొరుకుతుంది. ఆ రాయి పేరు, పాము పేరు కలిపితే ఈ పేరు వచ్చింది. మన మాటలో చెప్పాలంటే నల్లరాతి పాము. ఆయన ఏలింది 1427 నుంచి 1440 వరకు, 13 ఏళ్లు.

ఆ 13 ఏళ్లలో ఆయన రెండు పెద్ద పనులు చేశాడు. పరాయి రాజ్యానికి కప్పం కడుతున్న తన జనాన్ని కప్పం వసూలు చేసే జనంగా మార్చాడు. రెండో పని, తన జనం చరిత్ర పుస్తకాలను తన ఏలుబడిలోనే తగలబెట్టించాడు. మొదటి పని వల్ల ఆయనకు పేరొచ్చింది. మనం ఇవాళ ఎక్కువగా మాట్లాడుకోవాల్సింది రెండో దాని గురించి. ఎందుకంటే మీలో చాలామందికి మన తెగల చరిత్ర రాయాలని, నలుగురికీ చెప్పాలని ఉంది. ఫోన్లలో, గ్రూపుల్లో ఇప్పటికే రాస్తున్నారు కూడా. రాసే చేతులకు ఈ రాజు కథ తెలిసి ఉండాలి.

దీవి మీద బతుకు

పుస్తకాల్లో మనం ఆజ్టెక్‌లు అని చదివే జనం తమను తాము మెషీకా అని పిలుచుకునేవారు. మెక్సికో అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. వాళ్ల భాష నవాట్ల్. మనం రోజూ కూరలో వేసుకునే టమాటా ఆ భాషలోని ‘టొమాట్ల్’ అనే మాట. స్పెయిన్ వాళ్ల నోట, ఇంగ్లీషు వాళ్ల నోట పడి మన వంటింటి దాకా వచ్చింది.

ఉత్తరాన అస్ట్లాన్ అనే చోటు నుంచి వలస వచ్చామని మెషీకాల గాథ చెబుతుంది. ఊరూరూ తిరిగారు. ఎవరూ నిలవనివ్వలేదు. చివరికి మెక్సికో లోయలో, పెద్ద సరస్సు నడుమ ఎవరికీ అక్కర్లేని దీవి మీద గుడిసెలు వేసుకున్నారు. అది 1325లో అని చెప్పుకుంటారు. ఆ ఊరే టెనోచ్‌టిట్లాన్. ఇప్పటి మెక్సికో నగరం దాని మీదే లేచింది.

దీవిలో కట్టెలు లేవు, ఇల్లు కట్టే రాయి లేదు. చేపలు, కప్పలు, నీటి బాతులు పట్టి ఒడ్డున ఉన్న ఊళ్లకు తీసుకెళ్లి, కలప, రాయి తెచ్చుకునేవారు. నీళ్లలో రెల్లు, బురద పేర్చి మడులు కట్టి మొక్కజొన్న పండించేవారు. ఆ మడులను చినాంపాలు అంటారు. ఒడ్డున ఉన్న పెద్ద రాజ్యం అస్కపోట్సాల్కో. దాని నీడలో బతికినందుకు మెషీకాలు కప్పం కట్టాలి. ఆ రాజ్యం చేసే యుద్ధాలకు తమ కుర్రవాళ్లను పంపాలి. మనవాళ్లు అడవిలో ఉన్నందుకు, చెట్టు కొట్టినందుకు, పశువులను మేపినందుకు ఎవరెవరికి ఏమేమి కట్టారో ఇంట్లో తాతలను అడిగితే ఆ బతుకు మీకు కొత్తగా అనిపించదు.

రాజు చేసిన మొదటి పని

ఇట్స్‌కోవాట్ల్ మెషీకాల నాలుగో రాజు. మొదటి రాజు అకమాపిచ్ట్లికి ఒక దాసి వల్ల పుట్టిన కొడుకని పాత రచనలు చెబుతాయి. వాళ్ల భాషలో రాజును ‘ట్లాటోవాని’ అంటారు. ‘మాట్లాడేవాడు’ అని దాని అర్థం. జనం తరఫున మాట్లాడేవాడే రాజు అన్నమాట.

1426లో అస్కపోట్సాల్కో ముసలి రాజు చనిపోయాడు. ఆయన కొడుకుల్లో మాష్ట్లా అనేవాడు గద్దె లాక్కున్నాడు. ఆ గొడవల్లోనే మెషీకాల మూడో రాజు చిమల్‌పోపోకా ప్రాణం పోయింది. అలాంటి సమయంలో పెద్దలు ఇట్స్‌కోవాట్ల్‌ను రాజుగా ఎన్నుకున్నారు.

ఒంటరిగా గెలవలేమని ఆయనకు తెలుసు. సరస్సు అవతల టెష్కోకో అనే రాజ్యం ఉంది. దాని రాజును 1418లో అస్కపోట్సాల్కో వాళ్లు చంపారు. కొడుకు నెసావాల్‌కోయోట్ల్ తలదాచుకుంటూ తిరుగుతున్నాడు. ఇట్స్‌కోవాట్ల్ అతనితో చేయి కలిపాడు. తెపనెక్‌ల ఊరే అయిన ట్లాకోపాన్ కూడా వీళ్ల పక్షానికి వచ్చింది. 1428లో అస్కపోట్సాల్కో పడిపోయింది. టెనోచ్‌టిట్లాన్, టెష్కోకో, ట్లాకోపాన్ మూడూ ఒక కూటమి కట్టాయి. వచ్చిన కప్పాన్ని ఐదు వాటాలు చేసి మొదటి రెండు రాజ్యాలూ రెండేసి తీసుకునేవి, ట్లాకోపాన్‌కు ఒకటి ఇచ్చేవారు. ఆజ్టెక్ సామ్రాజ్యం అని ప్రపంచం చెప్పుకునేది ఈ మూడు రాజ్యాల కూటమినే.

ఈ యుద్ధం గురించి డియేగో డ్యురాన్ అనే మతగురువు 150 ఏళ్ల తర్వాత ఒక కథ రాశాడు. యుద్ధం అనగానే మామూలు జనం భయపడ్డారట. లొంగిపోదాం అన్నారట. అప్పుడు దొరలు, ‘ఓడిపోతే మా మాంసం పగిలిన కుండల్లో పెట్టుకుని తినండి’ అన్నారట. ‘మీరు గెలిస్తే మేమూ మా పిల్లలూ మీకు ఊడిగం చేస్తాం’ అని జనం మాట ఇచ్చారట. దొరలు గెలిచారు. గెలిచిన భూములు రాజుకు, దొరలకు, వీరులకు వెళ్లాయి. మామూలు జనానికి దక్కింది చాలా తక్కువ.

ఆ మాటలు నిజంగా జరిగాయో లేదో పక్కన పెట్టి, ఈ కథ ఎవరికి పనికొచ్చిందో చూడండి. ‘మీ తాతలే ఒప్పుకున్నారు కదా, ఊడిగం చేయండి’ అని చెప్పడానికి దొరల చేతికి దొరికిన కథ ఇది. ఒక కథ వల్ల భూమి ఎవరి చేతిలో ఉండాలో తేలిపోతుంది. అందుకే కథ ఎవరు చెబుతున్నారో చూడాలి అంటాం మేము.

ఆ తర్వాత కోయోవాకాన్, షోచిమిల్కో, క్విట్లావాక్ లాంటి ఊళ్లు కూడా ఇట్స్‌కోవాట్ల్‌కు లొంగాయి. ఓడిన షోచిమిల్కో వాళ్ల చేత సరస్సు మీదుగా టెనోచ్‌టిట్లాన్‌కు కట్టదారి కట్టించారని డ్యురానే రాశాడు. నిన్నటిదాకా కప్పం మోసిన జనం ఇప్పుడు ఇంకొకరి వీపు మీద కప్పం పెట్టింది.

రెండో పని

మెషీకాల పుస్తకాలు మన పుస్తకాల్లాంటివి కావు. మర్రి జాతి చెట్ల నారతో చేసిన కాగితం మీద, కొన్నిసార్లు జింక తోలు మీద బొమ్మలు గీసి మడతలుగా మడిచేవారు. గీసేవాడిని ‘ట్లాకుయిలో’ అంటారు. బొమ్మ చూస్తూ కథను నోటితో చెప్పడానికి నేర్చుకున్నవాళ్లు ఉండేవారు. మన కోయల పడిగె గుర్తు తెచ్చుకోండి. గుడ్డ మీద ఇలవేల్పు బొమ్మలు ఉంటాయి, డోలీలు ఆ పడిగె చూపిస్తూ కథ చెబుతారు. బొమ్మ ఒక్కటే ఉంటే కథ సగమే తెలుస్తుంది. నోటిమాట ఒక్కటే ఉంటే ఆనవాలు ఉండదు. రెండూ కలిస్తేనే వంశం చరిత్ర అవుతుంది.

అలాంటి పుస్తకాలను ఇట్స్‌కోవాట్ల్ కాలంలో పాలకులు కూర్చుని ఆలోచించి కాల్చేశారు. వాళ్లు చెప్పిన కారణం ఏమిటంటే, ఈ రాతలు అందరికీ తెలియాల్సిన పని లేదు, తెలిస్తే కింది జనం చెడిపోతారు, పైగా వీటిలో అబద్ధాలు ఉన్నాయి.

పాత పుస్తకాల్లో పాలకులకు ఇబ్బంది కలిగించే సంగతులు చాలానే ఉండి ఉంటాయని చరిత్రకారులు అంటారు. మెషీకాలు తిరుగుబోతులుగా వచ్చిన రోజులు, ఎవరూ దగ్గరకు రానివ్వని రోజులు, కప్పం కట్టిన రోజులు. రాజుల కంటే ముందు ఏ వంశానికి ఏ హక్కు ఉండేదో ఆ వివరాలు. గెలిచిన తర్వాత కొత్త కథ పైకి వచ్చింది. మేము గొప్ప టోల్టెక్‌ల వారసులం, మా దేవుడు విట్సిలోపోచ్ట్లి లోకాన్ని ఏలమని మమ్మల్ని ఎంచుకున్నాడు అన్నది ఆ కథ. రాజు అన్న కొడుకు, ఆయన ముఖ్య సలహాదారు ట్లాకాయెలెల్ ఈ మార్పు వెనక ఉన్నాడని చాలామంది నమ్ముతారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇట్స్‌కోవాట్ల్‌ను దుర్మార్గుడు అని తీసిపారేయడానికి ఈ మాటలు చెప్పడం లేదు. తన జనం తల ఎత్తుకు తిరగాలని ఆయన కోరుకున్నాడు. అవమానాలు మోసిన జనానికి గొప్ప కథ కావాలనిపించడం సహజం. మనకూ అనిపిస్తుంది. కానీ ఆయన గొప్ప కథ చెప్పి ఊరుకోలేదు, మిగతా కథలు లేకుండా చేయబోయాడు. తప్పు అక్కడ ఉంది.

ఆ తర్వాత ఏమైంది

1440లో ఇట్స్‌కోవాట్ల్ పోయాడు. ఆయన కట్టిన కూటమి మాత్రం నిలిచి, అటు గల్ఫ్ తీరం నుంచి ఇటు పసిఫిక్ తీరం దాకా పాకింది. ఊరూరి నుంచి బట్టలు, మొక్కజొన్న, కోకో గింజలు, పక్షుల ఈకలు కప్పంగా వచ్చేవి. దీవిలో ఊరు మహానగరం అయింది. దాంతోపాటు చుట్టుపక్కల కోపం కూడా పెరిగింది. ట్లాష్కాలా అనే రాజ్యం లొంగకుండా దశాబ్దాలపాటు పోరాడింది.

1519లో స్పెయిన్ నుంచి కోర్టేస్ కొన్ని వందల మంది సైనికులతో దిగాడు. ట్లాష్కాలా అతని వైపు వెళ్లింది. చివరికి కూటమిలో భాగమైన టెష్కోకో రాజకుమారులు కొందరు కూడా అతనితో కలిశారు. మశూచి వచ్చి వేలమందిని తీసుకుపోయింది. 1521 ఆగస్టు 13న టెనోచ్‌టిట్లాన్ పడిపోయింది. నగరాన్ని చుట్టుముట్టిన సైన్యంలో స్పెయిన్ వాళ్ల కంటే స్థానిక జనమే ఎన్నో రెట్లు ఎక్కువ. గెలిచినవాళ్లు చెప్పిన ఒకే కథలో ఆ ఊళ్లకు గౌరవమైన చోటు దొరకలేదు.

ఆ తర్వాత స్పెయిన్ మతగురువులు మిగిలిన పుస్తకాలను దెయ్యాల పుస్తకాలని చెప్పి మంటల్లో వేశారు. దక్షిణాన మాయా జనం పుస్తకాలను కూడా 1562లో మానీ అనే ఊళ్లో డియేగో డి లాండా కాల్పించాడు. ఈ మంటలూ ఇట్స్‌కోవాట్ల్ వేసిన మంటా ఒకటి కావు. రాజు తన మాట నెగ్గాలని కాల్చాడు. వీళ్లు ఒక జనం దేవుళ్లను, ఆలోచనను లేకుండా చేయాలని కాల్చారు. అయినా మనవడికి చేరాల్సింది రెండుసార్లూ బూడిదైంది.

పిల్లలు రాసిన చరిత్ర

మరి పుస్తకాలు కాలిపోతే, రాజు వాటిని కాల్చాడన్న సంగతి మనకెలా తెలిసింది? హాస్టళ్లలో పనిచేసే మాబోటివాళ్లకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

1536లో ట్లాటెలోల్కోలో ఆదివాసీ అబ్బాయిల కోసం ఒక బడి పెట్టారు. పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని, అక్కడే చదువుకునేవారు. మన ఆశ్రమ పాఠశాల లాంటిదే అనుకోండి. పేరు శాంటా క్రూస్ కళాశాల. పిల్లలు పెద్దింటివాళ్లు. లాటిన్ నేర్చుకున్నారు, స్పానిష్ నేర్చుకున్నారు. ‘వీళ్లకు ఇంత చదువెందుకు’ అని గొణిగిన స్పెయిన్ దొరలు అప్పుడూ ఉన్నారు. పరాయి అక్షరాలు నేర్చుకున్న ఆ పిల్లలు వాటితో తమ నవాట్ల్ భాష రాయడం మొదలుపెట్టారు.

అక్కడ బెర్నార్డినో డి సాహగూన్ అనే మతగురువు ఉండేవాడు. ఊళ్లలోని పెద్దలను కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవాడు. పెద్దలు తమ పద్ధతిలో బొమ్మలు చూపించి చెప్పేవారు. బడిలో చదివినవాళ్లు రాసేవారు. వాళ్లలో నలుగురి పేర్లు చెప్పుకుందాం. ఆంటోనియో వలేరియానో, అలోన్సో వెగెరానో, మార్టిన్ జకోబిటా, పెడ్రో డి సాన్ బ్వెనవెంటురా. ఈ పని ఏళ్ల తరబడి సాగింది. 1576లో ఘోరమైన అంటురోగం వచ్చి చుట్టూ జనం చనిపోతున్నా ఆపలేదు. చివరికి 12 భాగాల పెద్ద గ్రంథం తయారైంది. అందులో ఒకవైపు నవాట్ల్, ఒకవైపు స్పానిష్, రెండు వేలకు పైగా బొమ్మలు ఉన్నాయి. ఇప్పుడు ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉంది కాబట్టి ఫ్లోరెంటైన్ కోడెక్స్ అంటారు. ఇట్స్‌కోవాట్ల్ పుస్తకాలు కాల్పించిన సంగతి ఉన్నది ఇందులోనే.

ఆ నలుగురూ ఎక్కడివాళ్లో చూడండి. వలేరియానో అస్కపోట్సాల్కో వాడు. ఇట్స్‌కోవాట్ల్ 1428లో ఓడించిన ఊరు అది. జకోబిటా ట్లాటెలోల్కో వాడు. ఆ ఊరిని 1473లో టెనోచ్‌టిట్లాన్ లొంగదీసుకుంది. మిగతా ఇద్దరిదీ క్వావుటిట్లాన్. నలుగురిలో ఒక్కరు కూడా టెనోచ్‌టిట్లాన్ వాళ్లు కారు. రాజు తన నగరంలో కాల్చినా, పక్క ఊళ్ల జ్ఞాపకాన్ని కాల్చలేకపోయాడు. గెలిచినవాడి మీద ఓడిన ఊళ్ల కోపం ఆ రాతల్లో కొంత ఉండొచ్చు. అది కూడా మనసులో పెట్టుకునే చదవాలి. అందుకే ఒక్క ఊరి మాట చాలదు, నాలుగు ఊళ్ల మాట కావాలి.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. సాహగూన్ ఆ పని ఆదివాసీల మీద ప్రేమతోనే చేయించలేదు. పాత దేవుళ్ల పూజలు ఎక్కడెక్కడ దాగి ఉన్నాయో తెలిస్తే మాన్పించవచ్చన్నది ఆయన లెక్క. ప్రశ్నలు ఆయనవి. జవాబులు మాత్రం పెద్దలవి, అక్షరాలు పిల్లలవి. 1577లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఈ రాతలన్నిటినీ స్వాధీనం చేసుకోమని ఆజ్ఞ పంపాడు. అయినా ఒక ప్రతి మిగిలింది. ఇప్పుడు అది ఇంటర్నెట్‌లో అందరూ చూసేలా ఉంది.

ఎవరూ ప్రశ్నలు వేయకుండానే రాసినవాడు కూడా ఒకడున్నాడు. 1579లో చాల్కో ప్రాంతంలో పుట్టిన చిమల్‌పాయిన్. చాల్కో కూడా మెషీకాలు లొంగదీసుకున్న చోటే. అతను మెక్సికో నగరంలో ఒక చిన్న చర్చి చూసుకుంటూ, తన ప్రాంతపు రాజుల చరిత్ర, తన కళ్ల ముందు జరిగిన సంగతులు నవాట్ల్‌లో ఏడాది వారీగా రాసుకున్నాడు. 1611లో వచ్చిన సూర్యగ్రహణం, నగరానికి వచ్చిన జపాన్ దూతలు, అన్నీ రాశాడు. ఇవాళ చరిత్రకారులు ఆ కాగితాలను కళ్లకద్దుకుంటున్నారు.

మనం ఏం చేద్దాం

మన దగ్గరా ఇలా దాచిపెట్టినవాళ్లు ఉన్నారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపిలో రాసిన చేతిరాత ప్రతులను అక్కడి వాళ్లు కాపాడుకున్నారు. అవి ఉండబట్టే 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఫోన్‌లో, కంప్యూటర్‌లో గోండి అక్షరాలు రాసుకునే దారి ఏర్పడింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు రాయండి. మొదట మన భాషలోనే రికార్డు చేయండి, తెలుగులో తర్వాత రాసుకోవచ్చు. చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ తప్పకుండా పెట్టండి. తాతను అడిగినట్టే అమ్మమ్మను, నానమ్మను కూడా అడగండి. విత్తనం సంగతి, కాన్పు సంగతి, పెళ్లి పాట వాళ్ల దగ్గరే ఉంటాయి. ప్రతులు ఒక్కచోట పెట్టొద్దు. ఊళ్లో ఒకటి, బడిలో ఒకటి, సంఘంలో ఒకటి ఉండనివ్వండి.

గొప్ప సంగతులతోపాటు కష్టమైనవి కూడా రాయండి. వెట్టి చేసిన రోజులు, షావుకారు అప్పులు, ఊరు ఖాళీ చేసి వెళ్లిన రోజులు, పక్క తెగతో పడిన తగాదాలు, మనింట్లో ఆడపిల్లకు జరిగిన అన్యాయాలు కూడా రాయాలి. అవి రాస్తే పరువు పోతుందని భయపడితే, మనమూ ఇట్స్‌కోవాట్ల్ పక్కన కూర్చున్నట్టే. ‘మా తెగే ముందు, మా తెగే గొప్ప’ అని గ్రూపుల్లో పోస్టు పెట్టే ముందు పక్క తెగ పెద్దలు ఏం చెబుతారో ఒకసారి వినండి. రెండు కథలు పొసగకపోతే రెండూ రాసి పెట్టండి. ఒకదాన్ని చెరిపేసే హక్కు మనకు లేదు.

మరి ఇలవేల్పుల రహస్యాలు, అందరికీ చెప్పకూడని మాటలు కూడా ఫోన్‌లో పెట్టేయాలా అని మీలో కొందరు అడుగుతారు. వద్దు. ఏది బయటికి చెప్పాలో, ఏది మనలోనే ఉంచాలో పెద్దలను అడిగి వాళ్ల ఒప్పుదలతోనే చేయండి. దాచుకున్నది తర్వాతి తరానికి అందుతుంది. తగలబెట్టింది ఎవరికీ అందదు. ఆ రాజుకు ఈ తేడా పట్టలేదు.

టెనోచ్‌టిట్లాన్ పడిపోయి 500 ఏళ్లు దాటింది. మెక్సికోలో 2020 జనాభా లెక్కల ప్రకారం నవాట్ల్ మాట్లాడేవాళ్లు ఇంకా సుమారు 16 లక్షల 50 వేల మంది ఉన్నారు. మంటలు, రోగాలు, పరాయి పాలన అన్నీ దాటుకుని ఆ భాష ఇళ్లలో వినబడుతూనే ఉంది. ఆ పెద్దలు చెప్పారు, ఆ పిల్లలు రాశారు. మన పెద్దలు ఇంకా చెప్పగలిగిన వయసులోనే ఉన్నారు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకురండి. మనందరం కలిసి చదువుకుందాం.